పాట పెట్టని వీడియో

మైదానం, ఆఫీసు వెనక గది
సోమవారం

అక్కా,

నువ్వు పంపిన పాటల డబ్బా అందింది. అరచెయ్యంత కూడా లేదు, ఇందులో అన్ని పాటలు ఎలా కుక్కావు? బావ తన పాత పాటలు కూడా కొన్ని దూర్చాడని పేర్లు చూడగానే తెలిసిపోయింది. ఆయన రుచి మారదు కదా.

దీంతో నేనేం చేస్తానని అడిగావు. ఇక్కడికొచ్చేవాళ్ళలో చాలామంది జీవితంలో ఒక్కసారే దూకుతారు. మా పెద్దాయన వాళ్ళని పట్టీలతో తన ఛాతీకి బిగించుకుని విమానంలోంచి దూకుతాడు. నేను హెల్మెట్ మీద కెమెరా పెట్టుకుని పక్కనే దూకి, పడుతున్నంతసేపూ వాళ్ళ మొహాలు తీస్తాను. వాళ్ళు దిగి, వణుకు తగ్గి, టీ తాగే లోపల ఆ బొమ్మకి పాట కట్టి డిస్కు చేతిలో పెట్టాలి. కెమెరాలో పడిన శబ్దమంతా గాలి హోరే, ఎవరికీ అక్కర్లేదు. దాన్ని మొత్తం తీసేసి, నీ డబ్బాకి తీగ తగిలించి మా ఎడిటింగ్ పెట్టెలోకి పాట ఎక్కిస్తాను. విమానంలో కూర్చున్నప్పుడు మెల్లగా ఏదో ఒకటి, తలుపు తెరవగానే డప్పులు, గొడుగు తెరుచుకోగానే వయొలిన్. పారాచూట్‌ని మేం గొడుగనే అంటాం. నా కళ అంతా ఇంతే.

మొన్న ఒక మాంసం కొట్టు ఆయన వచ్చాడు, ఎద్దులా ఉన్నాడు. పైనుంచి కిందిదాకా కళ్ళు గట్టిగా మూసుకునే ఉన్నాడు. ఆయనకి జోలపాట పెట్టాను. చూసి ముందు మొహం ఎర్రబడింది, తర్వాత పడీ పడీ నవ్వి, వాళ్ళ బావమరుదులకని ఇంకో రెండు కాపీలు కొనుక్కుపోయాడు.

ఈ ఉత్తరంతో ఒక డిస్కు పెడుతున్నాను. అందులో ఉన్న బామ్మగారు దూకే ముందు కట్టుడు పళ్ళు తీసి నా చేతిలో పెట్టింది. మీ పళ్ళ డాక్టరుగారికి చూపించు, సంతోషిస్తాడు.

ఇంకా పాటలు కావాలి. నువ్వే ఎంచి పంపు. ఫోన్ మాత్రం చెయ్యకు. ఇక్కడ ఫోన్ విమానం పక్కనే ఉంది, ఇంజను మోతలో ఒక్క ముక్క అర్థం కాదు. ఉత్తరం రాయి. నువ్వు ఉత్తరంలోనే బాగా తిడతావు.

నీ తమ్ముడు


క్లినిక్, మధ్యాహ్నం విరామం

ఒరేయ్ తమ్ముడూ,

బామ్మగారిని చూశాం. బావ మూడుసార్లు చూశాడు. రోజంతా బస్సు నడిపి వచ్చిన మనిషి, కాళ్ళు చాపుకుని సోఫాలో పడి, "ఈవిడకి లేని భయం నాకెందుకు, నేనూ దూకుతా" అన్నాడు. మేడ మీద నీళ్ళ ట్యాంకు కడగడానికి ఎక్కితేనే కళ్ళు తిరుగుతాయి ఆయనకి. ఆ కాసేపు ఆనందపడనీ అని ఊరుకున్నాను.

డాక్టరుగారు కూడా చూశారు. బామ్మగారి చిగుళ్ళు ఆరోగ్యంగా ఉన్నాయట. ఆయన ఆకాశంలో కూడా చిగుళ్ళే చూస్తారు.

ఒక మాట. గొడుగు తెరుచుకున్నాక వయొలిన్ వెనకాల సన్నగా ఒక కూత వస్తోంది. పాట పొడుగునా ఉంది. మా క్లినిక్‌లో పన్ను తొలిచే మర కూత లాంటిది. రోజంతా దాని పక్కన నిలబడి ఇంటికొస్తే నీ డిస్కులోనూ అదే. నాకు పళ్ళు పులిశాయి. బావ పక్కగదిలోంచి వచ్చి "కుక్కర్ పెట్టావా" అని అడిగాడు. డబ్బాని ఛార్జింగులో పెట్టి పాట ఎక్కిస్తున్నావేమో చూసుకోమన్నాడు, తన బస్సులో టేపు కూడా వైరు తగిలితే అలాగే కూసేదట. పాట మోత కూడా మరీ ఎక్కువగా ఉంది. ఎందుకురా అంత గట్టిగా? మేం పక్క వీధిలో లేము కదా.

ఫోన్ వద్దంటే మానేస్తాను. కానీ నిరుడు అదే ఇంజను పక్కన నిలబడి గంటలు గంటలు కబుర్లు చెప్పేవాడివి. విమానమేమైనా మార్చారా?

ఒంటి మీదికి ధ్యాస పెట్టు. చెవుల్లో గాలి పోకుండా దూది పెట్టుకో అని నేను చెబితే నవ్వుతావు. నవ్వు, కానీ పెట్టుకో.

అక్క


మైదానం, ఆఫీసు వెనక గది
శుక్రవారం

అక్కా,

బావ చెప్పిందే నిజం. డబ్బా బ్యాటరీ త్వరగా దిగిపోతోందని ఛార్జింగులోనే పెట్టి ఎక్కిస్తున్నాను. వేరే తీగ కొన్నాను, కూత పోయింది. ఈసారి పంపే డిస్కులో వయొలిన్ తప్ప ఇంకేమీ ఉండదు, నా పూచీ.

ఇందులో ఉన్నాయన పోస్టుమాన్. ఉద్యోగంలోంచి దిగిపోయిన మర్నాడే వచ్చాడు. జీవితమంతా సైకిలు తొక్కిన కాళ్ళు, ఒక్కసారి గాల్లో వేలాడేద్దామని వచ్చానన్నాడు. ఆ మొహం చూడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో ఆయనకే తెలియదు.

ఆ మొహం వల్ల నాకు చీవాట్లు పడ్డాయి. పెద్దాయన గొడుగు తెరుచుకోవడం కెమెరాలో పట్టి, ఇంకాస్త కిందికి జారి, అప్పుడు నేను నాది తెరవాలి. మొన్న పోస్టుమాన్‌ని తీస్తూ తీస్తూ కాస్త ఎక్కువే కిందికి వచ్చేశాను. హెల్మెట్‌లో చెవి దగ్గర చిన్న కూతపెట్టె ఒకటి ఉంటుంది. ఇంత ఎత్తుకి వచ్చావు, ఇంక తెరవరా బాబూ అని అరుస్తుంది. చెయ్యి చూసుకుంటే ఎత్తు చూపించే ముల్లు కూడా ఉంటుంది కానీ, కళ్ళు పనిలో ఉన్నప్పుడు దాన్నెవరు చూస్తారు? పనిలో పడి ఆ అరుపు పట్టించుకోలేదు. దిగాక పెద్దాయన నా కాలరు పట్టుకుని అందరి ముందూ దులిపేశాడు. నిన్ను మించిన గురువు దొరికాడు నాకు.

టికెట్లావిడ కూడా నా మీద కోపంగా ఉంది. ఆవిడతో అరుస్తూ మాట్లాడుతున్నానట. ఆడవాళ్ళందరూ కలిసి నా మీద ఎందుకు పడ్డారో తెలియడం లేదు.

పాటలు పంపలేదేం? మాటలున్న పాటలు వద్దు. డప్పులు బాగా పలికేవి పంపు.

నీ తమ్ముడు


ఇల్లు, వంటగది
ఆదివారం

తమ్ముడూ,

పోస్టుమాన్‌గారిని చూశాం. మొహం చాలా బాగుంది. నువ్వు బాగా తీశావు.

పాటలు ఈ డిస్కులో పెట్టాను. డప్పులున్నవే ఎంచాను. చివరి పాట అయ్యాక నీకో మాట చెప్పి రికార్డు చేశాను. ఉత్తరంలో రాయలేని మాట. గట్టిగా చెప్పలేదు, పక్కగదిలో బావ ఉన్నాడు. విని, ఏమనుకున్నావో వెంటనే రాయి. ఆలస్యం చెయ్యకు.

ఇంకేం రాయాలో తోచడం లేదు. వేళకి తిను.

అక్క


మైదానం
బుధవారం

అక్కా,

పాటలు అందాయి. మూడోది అదిరింది, తలుపు తెరిచే చోటికి దానికంటే మంచిది దొరకదు.

నువ్వు చెప్పిన మాట విన్నాను. మొదట నవ్వొచ్చింది, తర్వాత కళ్ళు చెమర్చాయి. ఇలాంటివి చెప్పడానికి బావకి భయపడతావేం? ఆయనేమీ అనుకోడు. నువ్వు చెప్పినట్టే చేస్తాను, బెంగ పెట్టుకోకు. అంత మెల్లగా చెప్పావు కాబట్టి రెండుసార్లు వినాల్సొచ్చింది, అంతే.

గిరాకీ బాగా ఉంది. రేపు ఒకే ఆఫీసు వాళ్ళు గుంపుగా వస్తున్నారు. వాళ్ళ మేనేజరుకి ఏ పాట పెట్టాలో వాళ్ళే రహస్యంగా చెప్పి వెళ్ళారు. ఆ డిస్కు నీకు తప్పకుండా పంపుతాను.

నీ తమ్ముడు


ఇల్లు

తమ్ముడూ,

ఆ డిస్కులో మాటే లేదురా.

చివరి పాట అయ్యాక ఏమీ లేదు. నేను ఏమీ రికార్డు చెయ్యలేదు. నువ్వు విన్నానన్నావు, నవ్వొచ్చిందన్నావు, కళ్ళు చెమర్చాయన్నావు. ఆ ఉత్తరం క్లినిక్‌లో చదివాను. డాక్టరుగారు పేషెంటు నోట్లో మర పెట్టి నీళ్ళు పట్టమంటే నాకు వినబడనే లేదు.

పోస్టుమాన్ డిస్కులో కూత పోలేదు. మొదటి దానికంటే ఎక్కువైంది. వేరే తీగ కొన్నానన్నావు, పోయిందన్నావు, నా పూచీ అన్నావు. పక్కింటి పాప వచ్చి టీవీ చూస్తూ చెవులు మూసుకుంది. ఇంతమందికి వినబడింది నీకెందుకు వినబడలేదా అని ఆలోచించాను. అప్పుడు ఒక్కొక్కటీ వరసగా కళ్ళ ముందుకొచ్చాయి. ఫోన్ వద్దనడం, పాట మోత, టికెట్లావిడ కోపం, మాటలున్న పాటలు వద్దనడం. కూతపెట్టె అరుపు పట్టించుకోలేదని రాశావు చూడు, అది గుర్తొచ్చి లేచి వంటగదిలోకి పోయి పొయ్యి దగ్గర నిలబడ్డాను. 

నిన్ను పరీక్ష పెట్టి పట్టుకోవాల్సి వచ్చిందని నాకు సిగ్గుగా ఉంది. అడిగితే చెప్పేవాడివి కాదు. చిన్నప్పుడు చెయ్యి విరిగినా వెనక దాచుకుని అన్నం తిన్న రకానివి.

ఇప్పుడు అడుగుతున్నాను. నీకు ఎంత వినబడుతోంది? ఆ కూతపెట్టె అరుపు వినబడుతోందా, లేదా? ఇది మాత్రం అబద్ధం రాయకు.

అక్క


మైదానం, ఆఫీసు వెనక గది

అక్కా,

వినబడదు.

నిజం రాయమన్నావు కాబట్టి మొత్తం రాస్తున్నాను. మొదట పిట్టలు పోయాయి. పొద్దున్నే విమానాల షెడ్డు రేకుల మీద గోల గోల చేసేవి, ఒకరోజు చూస్తే ముక్కులు ఆడుతున్నాయి, చప్పుడు లేదు. తర్వాత కెటిల్ కూత. తర్వాత టికెట్లావిడ గొంతు. ఆవిడది సన్నగొంతు. పెద్దాయనది బండగొంతు కాబట్టి ఎదురుగా ఉంటే పట్టుకోగలను. పాటల్లో మాటలు పోయాయి, డప్పులు మిగిలాయి. వయొలిన్ ఎక్కడ మొదలవుతుందో చూసి పెడుతున్నానే కానీ విని కాదు. పెట్టెలో ఆకుపచ్చ గీతలు లేచి పడుతుంటాయి, వాటిని బట్టి కడుతున్నాను. ఇన్నేళ్ళు గాలి హోరులో తలపెట్టి ఉంటే ఇంతే అవుతుందని నాకూ తెలుసు. దూది సంగతికి నేను నవ్వలేదు అక్కా.

కానీ నాకు లెక్క ఉంది. పెద్దాయన గొడుగు తెరుచుకోగానే మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటాను. చేతి ముల్లు కూడా చూస్తున్నాను. పోస్టుమాన్ రోజున ఒక్కసారే తప్పింది. ఇంక తప్పదు.

పెద్దాయనకి చెప్పకు. నీ కాళ్ళు పట్టుకుని అడుగుతున్నాననుకో. తెలిసిన రోజే నన్ను దింపేస్తాడు. దింపితే నేల మీద నేనెవర్ని? బ్యాటరీల కొట్లో నిలవలేదు, హోటల్ కౌంటరులో నిలవలేదు, నువ్వు పెట్టించిన గిడ్డంగి ఉద్యోగంలో రెండు నెలలు ఉన్నానా? నాన్న పోయేదాకా నా కాళ్ళు నేల మీద నిలవవని తిట్టేవాడు. ఆయన తిట్టు నాకు బతుకుతెరువైంది. ఒక మనిషి జీవితంలో ఒక్కసారి పడే మొహాన్ని నేను పట్టుకుంటాను. ఇంత బాగా నాకు ఇంకేదీ చేతకాదు.

వానలు మొదలయ్యేదాకా ఆగు. వానలొస్తే ఎలాగూ మైదానం మూసేస్తారు. అప్పుడు నేనే చెప్తాను, నేనే డాక్టరు దగ్గరికి పోతాను. అంతవరకూ చెప్పనని నా మీద ఒట్టు వేసి రాయి.

నీ తమ్ముడు


ఇల్లు, పొద్దున

తమ్ముడూ,

ఒట్టు వెయ్యను.

ఇందాక పెద్దాయన పేరు మీద ఉత్తరం పోస్టు చేసి వచ్చాను. ఈ ఉత్తరం కూడా ఈ పూటే వేస్తాను. నీ వెనక చేశానని నువ్వు అనుకోకూడదు. రెండూ ఒకే సంచిలో వస్తాయి.

నీ ఉత్తరం బావకి చదివి వినిపించాను.  విని, "నాకు ఒక కన్ను మందగించిందని తెలిసి కూడా, సెలవులదాకా బస్సు నడుపుతానంటే నువ్వు ఎక్కుతావా" అన్నాడు. ఎక్కను. నిన్ను దూకనివ్వను.

నీ లెక్కలు నాకు చెప్పకు. ఒక్కసారే తప్పిందని రాశావు. నీ పనిలో రెండోసారి తప్పితే నీ ఉత్తరం ఎవరు రాస్తారు? టికెట్లావిడ రాస్తుందా? ఆ కవరు నా గుమ్మంలో పడటం, నేను చిరిగిపోకుండా జాగ్రత్తగా విప్పడం, ఇవే కనబడుతున్నాయి రెండు రోజులుగా. క్లినిక్‌లో పోస్టుమాన్ సైకిలు బెల్లు వినబడితే చేతిలో పని వదిలేసి గుమ్మంలోకి పరిగెడుతున్నాను.

నేల మీద నేనెవర్ని అని అడిగావు. నాకు తమ్ముడివి. నీకు అది చాలదని తెలుసు. నీ ఆకాశం నేను లాగేసుకుంటున్నానని కూడా తెలుసు. కోపం తెచ్చుకో. జన్మలో నా మొహం చూడనని అను. ఎక్కడో ఒకచోట ఉండి, నా మీద అలిగి, పలకకుండా ఉండు. అది నేను భరించగలను.

అక్క


మైదానం

అక్కగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం పెద్దాయనకి అందింది. మీరు కోరుకున్నట్టే జరిగింది. ఆయన నన్ను పిలిచి, వెనక్కి తిరగమని, నా వీపు వెనక ఆ కూతపెట్టె మోగించారట. నేను తిరిగి చూడలేదు. నా హెల్మెట్, కెమెరా తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు. ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

పాటల డబ్బా తిరిగి పంపుతున్నాను. నాకు దానితో పని లేదు. బావగారు బస్సులో వినవచ్చు.

ఇకమీదట మీరు నాకు రాయవద్దు. రాసినా జవాబు ఉండదు.

ఇట్లు


ఇల్లు

తమ్ముడూ,

రాయవద్దన్నావు. రాస్తున్నాను, జవాబు అడగడం లేదు.

నన్ను మీరు అన్నావు. నీకు మాటలు వచ్చినప్పటి నుంచీ అనలేదు. బావ ఆ ఉత్తరం చదివి, మడిచి, ఎక్కడో దాచాడు. నేను మళ్ళీ మళ్ళీ తీసి చదువుతానని భయం. అయినా కంఠతా వచ్చేసింది కదా.

క్షమించమని అడగనురా. మళ్ళీ అదే రోజు వస్తే మళ్ళీ అదే ఉత్తరం రాస్తాను. కానీ నువ్వు వెనక్కి తిరిగి నిలబడటం, నీ వీపు వెనక అది మోగడం, నువ్వు అలాగే నిలబడి ఉండటం తలుచుకుంటే అన్నం దిగడం లేదు. అది నా వల్లే జరిగింది. ఆ సంగతి నేను దాచను.

వానలు పడుతున్నాయి. బావ బస్సు పైకప్పు కారుతోందట. క్లినిక్‌లో కొత్త మర వచ్చింది, దానికి కూత తక్కువ. డబ్బా అలమారాలో ఉంది, ఎవరం ముట్టుకోలేదు.

ఇంకో నెలకి మళ్ళీ రాస్తాను. చదవకపోయినా పరవాలేదు.

అక్క


మైదానం, గొడుగులు మడిచే గది

అక్కా,

నువ్వనే రాస్తున్నాను. మీరు అని రాసిన రోజు రెండు కాగితాలు చింపేశాను, అయినా రాశాను. నీ ఉత్తరాలన్నీ చదివాను. వర్షాకాలమంతా నువ్వు నెలకొకటి రాశావు, నేను ఒక్కదానికీ పలకలేదు. నాలాంటి తమ్ముడు పగవాళ్ళకి కూడా వద్దు.

డాక్టరు దగ్గరికి వెళ్ళాను. పోయింది రాదన్నాడు, ఉన్నది కాపాడుకోమన్నాడు. చెవిమిషను ఇచ్చాడు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో, ఎదురుగా ఒక్క మనిషి ఉంటే పనికొస్తుంది. బయటికొస్తే అన్నీ కలిసి గరగరమంటాయి.

పెద్దాయన నన్ను వెళ్ళమనలేదు. ఉండమనీ అనలేదు. గొడుగులు మడిచే పని ఇచ్చాడు. ఒక్కొక్క మడతా సరిగా పడాలి, తాళ్ళు చిక్కు పడకూడదు, చెవులతో పని లేదు. చేస్తున్నాను. కానీ కొత్త కెమెరా కుర్రాడొచ్చాడు. నా గదిలో కూర్చుని నా పెట్టె మీద పాటలు కడుతున్నాడు. నన్ను జాలిపడి ఉంచారో, నిజంగా అవసరమై ఉంచారో తెలియక రోజూ చస్తున్నాను. జాలి అయితే నేను ఉండలేను అక్కా. ఈ వారమే సర్దుకుని వచ్చేస్తాను.

మొన్న మైదానం మళ్ళీ తెరిచిన రోజున పెద్దాయన నా దగ్గరికొచ్చి తన ఛాతీ చూపించి, పట్టీలు చూపించాడు. నన్ను కట్టుకుని దూకుతాడట. ఇన్నేళ్ళు ఎంతమందిని అలా చూశానో. ఆయన ఛాతీకి బిగించుకుని పసిపిల్లాడిలా కూర్చుంటే ఏడుపొచ్చింది. ఆయన మణికట్టుకి చిన్న కెమెరా కట్టుకున్నాడు.

గొడుగు తెరుచుకుని మెల్లగా దిగుతున్నప్పుడు అడిగేశాను. ఎదురుగా మొహం చూస్తూ అడగలేను, వెనక ఉన్నాడు కాబట్టి అడిగాను. "నేనింక దూకలేను కదా. ఉండనా, పోనా?" అని. ఆయన ఏమన్నాడో వినబడలేదు. మిషను తీసి కింద పెట్టి వెళ్ళాను. దిగాక మళ్ళీ అడగడానికి నోరు రాలేదు, ఆయనా పట్టీలు విప్పుకుని గబగబా షెడ్డులోకి వెళ్ళిపోయాడు. జవాబు చెప్పిన మనిషి అలా వెళ్తాడా?

ఆ డిస్కు పంపుతున్నాను. కొత్త కుర్రాడు పాట పెట్టబోతే ఆపాను. అసలు శబ్దం అలాగే ఉంది. నేను మిషను పెట్టుకుని విన్నాను, హోరు తప్ప ఏమీ తెలియలేదు. బొమ్మలో నా మొహమే నిండిపోయింది, ఆయన గడ్డం అంచు తప్ప కనబడదు. ఇక్కడ ఎవరినైనా వినమనొచ్చు. కానీ వద్దన్నాడంటే, ఆ మాట వాళ్ళ మొహంలో చదవడం నావల్ల కాదు.

నువ్వు విను. ఉన్నది ఉన్నట్టు రాయి. నా మనసు నొచ్చుకుంటుందని ఒక్క అక్షరం మార్చకు.

నీ తమ్ముడు


ఇల్లు, సాయంత్రం

ఒరేయ్ తమ్ముడూ,

విన్నాను. మొదట ఒక్కదాన్నే విన్నాను, తర్వాత బావని కూర్చోబెట్టి విన్నాను, నా చెవులు నన్ను మోసం చేయకూడదని. ఇద్దరికీ ఒకటే వినబడింది. ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను.

గొడుగు తెరుచుకునేదాకా హోరు. మా టీవీ బద్దలవుతుందేమో అనుకున్నాను. తర్వాత ఒక్కసారిగా ఆగిపోయింది. గుడ్డ రెపరెపలు, పట్టీల కిర్రు, మీ ఇద్దరి ఊపిరి, అంతే. నువ్వు చాలా గట్టిగా అడిగావు. "నేనింక దూకలేను కదా. ఉండనా, పోనా?" కింద మైదానంలో ఉన్నవాళ్ళకి కూడా వినబడి ఉంటుంది.

పెద్దాయన జవాబు చెప్పలేదు. నేను భయపడ్డాను. ఇది నీకెలా రాయాలా అనుకున్నాను. కాసేపటికి ఏదో చప్పుడు మొదలైంది. ముందు దగ్గనుకున్నాను. దగ్గు కాదు. బావే కనిపెట్టాడు. "ఆయన ఏడుస్తున్నాడే" అన్నాడు. అవునురా. మీ పెద్దాయన నీ వీపుకి ఆనుకుని, నీ చెవి పక్కనే, వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. అంత పెద్ద మనిషి అలా ఏడవడం నేనెప్పుడూ వినలేదు. నీకు వినబడదని ధైర్యం కాబోలు, ఆపుకోనేలేదు.

నేల దగ్గరపడుతుండగా గొంతు సవరించుకుని మాట్లాడాడు. కాగితం పెట్టుకుని, ఆపి ఆపి, ఇలా రాసుకున్నాను:

"ఉండరా. ఎక్కడికి పోతావు? పోతే నన్ను కూడా తీసుకుపో."

తర్వాత మళ్ళీ ఏడుపు. మళ్ళీ అదే మాట. "తీసుకుపోరా నన్ను కూడా."

పాట కట్టకు దీనికి. కొత్త కుర్రాణ్ణి దగ్గరికి రానివ్వకు. షెడ్డులోకి ఎందుకు పారిపోయాడో ఇప్పుడు తెలిసింది కదా. వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడు. విన్నానని చెప్పు. అక్క చెవులతో విన్నానని చెప్పు.

నాకు ఒక్కటే మనసులోంచి పోవడం లేదు. ఆయన ఆ మాట అంటున్నంతసేపూ, బొమ్మలో నువ్వు ఆయన చేతిలో కెమెరా వైపు చూస్తూ, బొటనవేలు ఎత్తి చూపిస్తూ, దూకడానికి వచ్చే అందరిలాగే నోరంతా తెరిచి నవ్వుతున్నావు.

అక్క